కోర్ డ్రిల్లింగ్ మెషిన్: పట్టు సడలకుండా, నీరు ఆగకుండా నడపడం ఎలా?

కాంక్రీటు గోడలోనో స్లాబులోనో పైపు కోసం గుండ్రని రంధ్రం వేయవలసి వచ్చినప్పుడు డైమండ్ కోర్ డ్రిల్లింగ్ మెషిన్ చాలా నమ్మకమైన సాధనం. సుత్తి దెబ్బలు ఉండవు కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటు బీటలు వారదు, మధ్యలో ఇనుప చువ్వ అడ్డొచ్చినా దాన్నీ కోసుకుంటూ ముందుకు పోతుంది. ఇంత నిదానంగా, శాంతంగా పనిచేసే యంత్రం కావడం వల్లనే నడిపేవారిలో దాని పట్ల భయం త్వరగా పోతుంది. ఈ మెషిన్‌తో జరిగే ప్రమాదాలకు, దానికి వచ్చే రిపేర్లకు మూలం వెతుకుతూ పోతే చాలావరకు రెండే విషయాల దగ్గర తేలతాము: స్టాండుకు పట్టు చాలకపోవడం, నీరు సరిగా అందకపోవడం. మోటారు, గేర్లు, బిట్టు (తిరుగుతూ కాంక్రీటును కోసే ఉక్కు ట్యూబు), చివరికి మనిషి చేతులు కూడా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉన్నాయి.

రంధ్రం వేసే ముందు

ఎక్కడ కోయాలో నిర్ణయించే అధికారం మెషిన్ నడిపేవారిది కాదు. బీములో, పిల్లరులో, లేదా పిల్లరుకు దగ్గరగా ఉన్న స్లాబు భాగంలో చువ్వలు తెగితే నిర్మాణపు బలమే దెబ్బతింటుంది కాబట్టి, స్ట్రక్చరల్ ఇంజనీరు లిఖితపూర్వకంగా అనుమతించిన చోటనే గీత గీయాలి. ఆ తర్వాత స్కానర్‌తో లోపల చువ్వలు, కరెంటు పైపులు, నీటి లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, రంధ్రాన్ని కొద్దిగా పక్కకు జరిపితే వాటిని తప్పించుకోగలమేమో ఇంజనీరును అడగడం మంచిది. పోస్ట్ టెన్షన్ స్లాబుల విషయంలో మాత్రం ఊహకు తావివ్వకూడదు. వాటిలోని ఉక్కు తీగలు తీవ్రమైన బిగువుతో లాగి ఉంటాయి, ఒక్కటి తెగినా ఆ బిగువు ఒక్కసారిగా విడుదలై మనిషి ప్రాణానికి ముప్పు తెస్తుంది.

గోడ అవతల, స్లాబు కింద ఏముందన్నది ఎక్కువమంది మరచిపోయే సంగతి. కాంక్రీటు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు. 200 మి.మీ. వ్యాసంతో 300 మి.మీ. మందం స్లాబును కోస్తే బయటికి వచ్చే కోరు, అంటే తెగిన గుండ్రటి కాంక్రీటు దిమ్మ, దాదాపు 22 కిలోలు తూగుతుంది, 300 మి.మీ. వ్యాసంతో 250 మి.మీ. మందం కోస్తే 42 కిలోలు దాటుతుంది. అంత బరువు బిట్టు అవతలికి దిగిన క్షణంలోనే జారి కింద పడవచ్చు. అందువల్ల కింది అంతస్తులో ఆ చోటు చుట్టూ అడ్డు కట్టి, ఎవరూ రాకుండా చూసే మనిషిని నిలబెట్టి, పైన ఉన్నవారితో అతను మాట్లాడగలిగే ఏర్పాటు చేయాలి. కోరును పట్టి ఉంచే ప్రాపు (నిలువు ఊత) కానీ, తగిన బలమున్న పళ్లెం కానీ కింద అమర్చితే మరీ మేలు. అడ్డుగా కట్టిన రిబ్బను ఒక్కటే మనుషులను ఆపదు, దాన్ని ఎత్తి కింది నుంచి దాటిపోయేవారు ప్రతి సైటులోనూ ఉంటారు.

స్టాండు బిగింపు

కాంక్రీటుకు యాంకర్ బోల్టుతో, అంటే రంధ్రంలో విప్పారి పట్టుకునే బోల్టుతో, బిగించడమే అన్నిటికన్నా భద్రమైన పద్ధతి, వీలున్న ప్రతిచోటా దీన్నే ఎంచుకోవాలి. యాంకర్ రంధ్రంలోని ధూళిని పూర్తిగా ఊది, యాంకరును దానికి ఉద్దేశించిన సాధనంతోనే విప్పార్చాలి. ధూళి మిగిలిన రంధ్రంలో యాంకరు బిగిసినట్టే కనిపించినా బరువు పడగానే జారుతుంది. స్లాబు అంచుకు, పాత రంధ్రాలకు మరీ దగ్గరగా యాంకరు వేస్తే చుట్టూ ఉన్న కాంక్రీటు పెచ్చుగా ఊడివస్తుంది. ఇటుక గోడలో విప్పారే యాంకరును నమ్మకూడదు. గోడకు ఆసాంతం రంధ్రం వేసి, మరలున్న కడ్డీని దూర్చి, అవతలివైపు వెడల్పాటి పలకతో బిగించడమే సరైన మార్గం. బోల్టు బిగించాక బేస్ ప్లేటు నాలుగు మూలల్లోని లెవెలింగ్ స్క్రూలను కిందికి దించి, ప్లేటు ఎటూ ఊగకుండా చూసుకోవాలి. ఈ స్క్రూలను వదిలేసి బోల్టునే మరింత బిగించేవారు ఉన్నారు, కానీ ఒక్క బోల్టు మీద నిలబడిన ప్లేటు దాని చుట్టూ తిరగడానికే చూస్తుంది.

లోపలి గాలిని పంపుతో లాగేసి స్టాండును గోడకు పట్టి ఉంచే వాక్యూమ్ ప్లేటు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని గురించి అపోహలు ఎక్కువ. ప్లేటును గోడకు అదిమేది పంపు కాదు, మన చుట్టూ ఉన్న గాలి. ప్లేటు రబ్బరు సీలు లోపలి వైశాల్యం 300 × 200 మి.మీ. అనుకుని, గేజీ 0.8 బార్ వాక్యూమ్ చూపిస్తోందనుకుంటే, ప్లేటు మీద పడే బలం దాదాపు 490 కిలోల బరువుతో సమానం. వినడానికి ఇది చాలా ఎక్కువే. కానీ ఆ బలమంతా గోడ పైపొర మీదనే ఆధారపడి ఉంటుంది. సిమెంటు ప్లాస్టరు, టైలు, పెయింటు లోపలి గోడను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే ప్లేటు పట్టు కూడా అంతే. పొర ఊడితే గేజీ ఎంత చూపించినా ప్లేటు, మెషిన్, ఆ పొర అన్నీ కలిసి ఊడివస్తాయి. అందుచేత నునుపైన, గాలి దూరని, గట్టి కాంక్రీటు మీదనే వాక్యూమును వాడాలి. నిలువు గోడ మీద వాడితే మెషిన్‌ను వేరే యాంకరుకు గొలుసుతో కట్టి ఉంచాలి, సీలింగుకు మాత్రం ఎన్నడూ వాడకూడదు. పంపు ఆగినా గేజీ ముల్లు కొంతసేపు నిలకడగా ఉండాలి. వెంటనే పడిపోతే రబ్బరు సీలు చిరిగిందనో గోడలో సన్నని బీట ఉందనో గ్రహించి పని మొదలుపెట్టకూడదు. నేలకూ కప్పుకూ మధ్య జాకీ ప్రాపుతో స్టాండును అదిమి ఉంచే పద్ధతి కూడా ఉంది. రెండు చివరలా ఉన్న ఉపరితలాలు గట్టివైతే అది బాగానే పనిచేస్తుంది.

బిగించిన తర్వాత స్టాండు స్తంభాన్ని రెండు చేతులతో పట్టి బలంగా ఊపి చూడాలి. చేతికి ఏమాత్రం కదలిక తెలిసినా, బిట్టు తిరిగేటప్పుడు అది ఎన్నో రెట్లవుతుంది.

కరెంటు, నీరు

నీటితో పనిచేసే కరెంటు యంత్రాన్ని ఎర్తింగ్, ఆర్‌సీడీ లేకుండా వాడకూడదు. ఆర్‌సీడీ అంటే లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరాను కోసే పరికరం. మెషిన్ తీగకే అమర్చి వచ్చేదాన్ని తీసివేసి నేరుగా ప్లగ్గు తగిలించుకోవడం ఆత్మహత్యతో సమానం. ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు దాని టెస్ట్ బటన్ నొక్కాలి, అది ట్రిప్ కాకపోతే మెషిన్‌ను పక్కన పెట్టాలి. పొడవైన, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరులో వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. అందువల్ల తగినంత మందమున్న తీగను ఎంచుకుని, చుట్టను పూర్తిగా విప్పి వాడాలి. జాయింట్లు నేల మీద, నీరు పారే దారిలో ఉండకూడదు.

నీరు చేసే పని రెండు విధాలు. అది డైమండు సెగ్మెంట్లను, అంటే బిట్టు అంచున ఉండే కోత ముక్కలను, చల్లబరుస్తుంది, కోసిన పొడిని కోత నుంచి బయటికి మోసుకొస్తుంది. నీరు ఆగితే పొడి ముద్దకట్టి బిట్టును బిగిస్తుంది, సెగ్మెంట్లు కాలి నీలిరంగుకు తిరుగుతాయి, ఒక్కోసారి ట్యూబు నుంచి ఊడిపోతాయి కూడా. సైటు డ్రమ్ములోని ఇసుక నీళ్లు పెడితే మెషిన్ లోపల నీరు కారకుండా ఆపే సీళ్లు అరిగిపోతాయి కాబట్టి వడపోత ఉండాలి. ఒత్తిడి మరీ ఎక్కువైనా సీళ్లు దెబ్బతింటాయి. పైకి, అంటే కప్పులోకి రంధ్రం వేసేటప్పుడు నీరు మోటారు మీదికే కారుతుంది. నీటిని పట్టే రింగు, దాన్ని పీల్చే వాక్యూమ్ క్లీనరు అమర్చకుండా ఆ పని చేయకూడదు.

బిట్టు, వేగం

బిట్టు చిన్నదైతే వేగంగా, పెద్దదైతే నెమ్మదిగా తిరగాలన్నది అందరికీ తెలిసిన నియమమే. దాని వెనుక ఉన్నది సెగ్మెంటు అంచు కాంక్రీటు మీద జరిగే వేగం. చువ్వలున్న కాంక్రీటులో ఇది సెకనుకు 2 నుంచి 4 మీటర్ల మధ్య ఉంటే కోత బాగా సాగుతుంది. 100 మి.మీ. బిట్టును నిమిషానికి 600 చుట్లు, 200 మి.మీ. బిట్టును 300 చుట్లు తిప్పితే రెండింటికీ అంచు వేగం సెకనుకు సుమారు 3.1 మీటర్లే అవుతుంది. మెషిన్ మీద అంటించి ఉండే గేరు పట్టిక ఈ లెక్క ప్రకారమే తయారవుతుంది. గేరు మార్చేది మోటారు పూర్తిగా ఆగిన తర్వాతనే.

సెగ్మెంటు అంటే లోహపు పొడిలో ఇరికించిన డైమండు రేణువులు. పైన ఉన్న రేణువు మొద్దుబారాక చుట్టూ ఉన్న లోహం (దీన్నే బాండు అంటారు) అరిగి, కొత్త రేణువు బయటపడాలి. అందుకే గట్టి కాంక్రీటుకు మెత్తని బాండు బిట్టు, ఇసుకలా గీరుకునే మెత్తని పదార్థానికి గట్టి బాండు బిట్టు తీసుకోవాలి. తారుమారైతే ఒకచోట బిట్టు నునుపెక్కి కోయడం మానేస్తుంది, ఇంకోచోట రోజుల్లోనే అరిగిపోతుంది. నునుపెక్కిన బిట్టును మరింత బలంగా నొక్కడం వల్ల మోటారు వేడెక్కడం తప్ప ఫలితం ఉండదు. మొద్దుబారిన కొడవలికి సాన పట్టినట్టు, దాన్ని గరుకైన ఇసుకరాతిలోనో డ్రెస్సింగ్ పలకలోనో కొద్దిసేపు తిప్పితే కొత్త రేణువులు పైకి వస్తాయి.

నడిపేటప్పుడు

ముందు నీరు, తర్వాత మోటారు, చివరగా ఫీడు, అంటే బిట్టును కాంక్రీటులోకి దించడం. బిట్టు కాంక్రీటును తాకకుండా తిరగడం మొదలుపెట్టి, మొదటి సెంటీమీటరు లోతు వరకు చాలా తేలికగా దించాలి. గాడి పడేదాకా బిట్టు పక్కకు జరగడానికి చూస్తుంది. గాడి పడ్డాక మామూలు ఒత్తిడికి రావచ్చు.

ఆ తర్వాత చూడవలసింది బయటికి వచ్చే నీటి రంగును. పాలలా, పలుచగా బూడిద రంగులో వస్తుంటే కోత సవ్యంగా ఉంది. చిక్కని బురదగా వస్తే నీరు చాలడం లేదు. తేటనీరు వస్తుంటే నీరు మితిమీరి ఉండాలి, లేదా బిట్టు నునుపెక్కి ఉండాలి. నీటిలో మెరిసే లోహపు రజను కనిపించి, శబ్దం మారి, హ్యాండిలు బరువెక్కితే చువ్వ తగిలిందని అర్థం. అప్పుడు ఒత్తిడి తగ్గించి, వీలైతే వేగం కూడా ఒక మెట్టు దించి, ఓపికగా కోయాలి. స్కానింగులో లేని లోహం తగిలితే మాత్రం ఆపి, అదేమిటో తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి. తెగిన చువ్వ ముక్క కోతలో వదులుగా పడి బిట్టును పట్టేయవచ్చు. బిట్టును పైకి తీసి, ప్లగ్గు పీకి, అయస్కాంతంతో ఆ ముక్కను లాగాలి.

బిట్టు బిగుసుకుంటే క్లచ్ జారుతుంది. క్లచ్ పని మనల్ని, గేర్లను కాపాడడమే కానీ, అదే పనిగా జారనిస్తే కొద్ది సెకన్లలోనే వేడెక్కి అరిగిపోతుంది. వెంటనే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, సరైన కొలత స్పానరుతో బిట్టును అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ వదులు చేయాలి. స్విచ్‌ను మాటిమాటికి వేసి ఆపుతూ విదిలించడం, ట్యూబు మీద సుత్తితో కొట్టడం కూడదు. ట్యూబు కోలగా మారితే ఆ బిట్టుతో ఇక తిన్నని రంధ్రం పడదు.

అవతలికి దిగబోయే ముందు ఒత్తిడి తగ్గించి, కింద ఉన్న మనిషికి తెలియజేయాలి. పని ముగిశాక బిట్టు తిరుగుతూ ఉండగానే పైకి లాగి, ఆ తర్వాత మోటారు, చివరగా నీరు ఆపాలి.

స్టాండు లేకుండా చేతితో పట్టి నడిపే మెషిన్లలో తయారీదారు చెప్పిన వ్యాసాన్ని మించకూడదు. బిట్టు పట్టేసినప్పుడు తిరిగేది మెషిన్, దానితోపాటు మణికట్టు. పక్క హ్యాండిలును బిగించి, రెండు చేతులతో పట్టుకుని, రెండు కాళ్లూ స్థిరంగా ఆనించి నిలబడాలి. స్విచ్‌ను లాక్ చేయకూడదు, నిచ్చెన మీద నుంచి ఈ పని చేయకూడదు. వదులు చేతులున్న చొక్కా, కండువా, జారే చేతితొడుగులు తిరిగే బిట్టు దగ్గర ఉండరాదు. చెవులకు, కళ్లకు రక్షణ ఎప్పుడూ ఉండాలి.

పొడిగా కోయవలసి వస్తే ధూళిని పీల్చే యంత్రం, తగిన మాస్కు తప్పనిసరి. కాంక్రీటు ధూళిలోని స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. నీటితో కోసినా ఆ బురద ఎండితే మళ్లీ అదే ధూళి, కాబట్టి తడిగా ఉన్నప్పుడే ఎత్తివేయాలి. ఆ బురద క్షారగుణంతో చర్మాన్ని కాలుస్తుంది, డ్రైనేజీలో వదిలితే పైపులో గడ్డకడుతుంది.

మెషిన్ సంరక్షణ

మెషిన్ మీద చేయి వేసే ముందు ప్లగ్గు తీసి ఉండాలి. ప్రతిరోజూ చివర్లో తడిగుడ్డతో తుడవాలి. నీటి పైపుతో మోటారును కడిగేవారిని చూస్తాము, గాలి రంధ్రాల్లోంచి లోపలికి పోయిన నీరు వైండింగును పాడు చేస్తుంది. స్టాండు పళ్ల పట్టీలో ఇరుక్కున్న బురదను బ్రష్‌తో తీసి, క్యారేజీని (మోటారును మోస్తూ స్టాండు మీద కదిలే భాగాన్ని) చేతితో ఊపి చూడాలి. వదులు కనిపిస్తే రోలర్ల స్క్రూలను సరిచేయాలి. బిట్టు మరలకు నీటిని తట్టుకునే గ్రీజు రాసి, మధ్యలో రాగి రింగు వేస్తే మర్నాడు బిట్టు సులభంగా ఊడుతుంది.

గేరు పెట్టె మెడ దగ్గర చాలా మెషిన్లకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దాని నుంచి నీటి చుక్కలు రాలుతుంటే లోపలి సీలు అరిగిందని అర్థం. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసి పని సాగిస్తే నీరు గేర్లలోకి చేరుతుంది, నూనె పాలలా తెల్లబడుతుంది, బేరింగులు పోతాయి. చవకైన సీలు మార్పిడిని వాయిదా వేసి గేరు పెట్టెను పోగొట్టుకోవడం కన్నా తెలివితక్కువ పని ఈ మెషిన్ విషయంలో లేదు. గేరు ఆయిలును మాన్యువల్‌లో చెప్పిన గంటల ప్రకారం, చెప్పిన రకంతోనే మార్చాలి.

కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) అరిగితే, అవి రాసుకునే కమ్యుటేటరు దగ్గర మెరుపులు ఎక్కువవుతాయి, కొన్ని మెషిన్లు వాటంతటవే ఆగిపోతాయి. బ్రష్‌లను జతగానే మార్చి, కొద్దిసేపు లోడు లేకుండా తిప్పి, అవి కుదురుకున్నాక పనికి పెట్టాలి. మామూలు కోతలోనే క్లచ్ తరచూ జారుతుంటే దాన్ని సర్వీసు కేంద్రానికే పంపాలి. గడ్డకట్టే చలి ఉన్నచోట నీటి దారిని పూర్తిగా ఖాళీ చేసి ఉంచాలి.

బిట్టులను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి బరువు వేయకుండా, సెగ్మెంట్లు నేలకు తగలకుండా నిలబెట్టాలి. వాడే ముందు చేతితో తిప్పి వంకర ఉందేమో, ఏ సెగ్మెంటైనా ఊడిందేమో, పక్కల అరిగి ట్యూబు మందంతో సమానమైందేమో చూడాలి. ట్యూబు కన్నా సెగ్మెంటు వెడల్పుగా లేని బిట్టు కోతలో రాసుకుని బిగుసుకుంటుంది, కాబట్టి ట్యూబు బాగుంటే కొత్త సెగ్మెంట్లు వేయించాలి, లేకపోతే తీసివేయాలి.