గండికోట క్యాంపింగ్‌కు జీపుల్లో బయల్దేరే ముందు

డీజిల్, నీళ్లు, మందులు జమ్మలమడుగులోనే తీసుకోండి. కోట అక్కడికి దాదాపు 15 కిలోమీటర్లే, అయినా పైన అన్నీ దొరుకుతాయనుకోవద్దు. మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

వాన పడితే నల్లరేగడి దారుల్లోకి దిగొద్దు. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) ఉందన్న ధైర్యం అక్కడ పనికిరాదు. టైర్ల గాడుల్లో మట్టి నిండిందంటే నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే ఒంటరి బండితో వెళ్లకండి. లాగుడు తాడు, పార, గాలి కొట్టే పంపు తప్పనిసరి. ఇసుకలో పట్టు కోసం టైర్ల గాలి తగ్గించినవాళ్లు తారురోడ్డెక్కగానే మళ్లీ నింపాలి.

పెన్నా ఇసుకలో టెంట్ వేయొద్దు. ఎగువన రిజర్వాయర్ ఉంది, నీళ్లు వదిలితే రాత్రిపూట తెలియదు.

బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి.

చీకటి పడ్డాక లోయ అంచుకు ఎవరూ వెళ్లొద్దు. ఫొటో కోసమైనా సరే. మందు తాగిన స్నేహితుణ్ని అసలు వదలకండి.