ఈస్ట్ లేకుండా పుల్లపెరుగుతో పిజ్జా పిండి, మన పెనం మీదే

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. వేసవి సెలవులకి మా ఆడపడుచు పిల్లలు హైదరాబాద్ నుంచి దిగారంటే రెండోరోజు సాయంత్రానికల్లా అత్తా పిజ్జా అంటారు, మా ఊళ్లో దొరకదు, టౌనుకెళ్లి తెచ్చేసరికి అది చల్లారిపోయి అట్టముక్కలా అయిపోతుంది. అందుకని నాలుగేళ్ల బట్టీ ఇంట్లోనే చేస్తున్నాను, ఓవెన్ లేకుండా, ఈస్ట్ లేకుండా, ఇంట్లో ఉన్న పెరుగూ మైదాతోనే. పిండి కలపడం మొదలెట్టిన దగ్గర్నుంచి పళ్లెంలోకి వచ్చేదాకా ముప్పావుగంట, అంతే.

మొదట్లో నేనూ ఈస్ట్‌తోనే చేద్దామనుకున్నానండి. టౌన్లో ఒక కొట్లో చిన్న ప్యాకెట్ కొన్నాను, ఎన్నాళ్ల బట్టీ అక్కడ పడుందో గానీ గోరువెచ్చటి నీళ్లల్లో పంచదార వేసి కలిపితే అరగంటైనా నురగే రాలేదు. ఈస్ట్ అంటే ప్రాణం ఉన్న సరుకు కదా, వేడికీ చెమ్మకీ చచ్చిపోతుంది, మన వైపు రెండూ ఎక్కువే. సరే అని ఈస్ట్ లేకుండా సోడాతో కలిపాను, కానీ నేను చూసిన ఒక వీడియోలో ఈస్ట్ పిండికి చెప్పినట్టే పది నిమిషాలు బాగా పిసికి, పొంగుతుందేమోనని రెండు గంటలు మూతపెట్టి కూర్చున్నాను. కాల్చాక చూస్తే గట్టిగా, పొరలు లేకుండా, నమిలితే దవడలు నొప్పెట్టేలా వచ్చింది, పిల్లలు పైన చీజ్ తినేసి రొట్టె వదిలేశారు.

తప్పెక్కడుందో తర్వాత అర్థమైందండి. ఈస్ట్ పిండిలో గాలి మెల్లిగా గంటల తరబడి పుడుతుంది, ఆ గాలిని అంతసేపూ పట్టి ఉంచడానికి పిండిలో జిగురు గట్టిపడాలి, అందుకే అంతలా పిసుకుతారు. సోడా సంగతి అలా కాదు, పెరుగులో పులుపు తగలగానే గాలి పుట్టడం మొదలైపోతుంది, కాసేపటికి అయిపోతుంది కూడా. ఆ గాలి ఉండగానే పెనం ఎక్కించేస్తే రొట్టె గుల్లగా వస్తుంది, రెండు గంటలు కూర్చోబెడితే ఉన్న గాలంతా పోయి ముద్ద మిగులుతుంది, పైగా ఎక్కువ పిసికితే ఆ జిగురు బిగుసుకుని సాగనివ్వదు. అంటే ఈస్ట్ పిండికి చేసేవాటికి సరిగ్గా తిరగేసి చెయ్యాలన్నమాట, తక్కువ పిసకాలి, త్వరగా కాల్చాలి.

ఇంకో సంగతేంటంటే దీన్ని బ్రెడ్డు అనుకోకుండా మన దిబ్బరొట్టె అనుకోవాలండి. మందపాటి మూకుడు, సన్నటి సెగ, పైన మూత, ఆవిరికి లోపలిదాకా ఉడకడం, అడుగు ఎర్రగా కరకరలాడటం, ఇవన్నీ గోదారి జిల్లాల వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మమ్మ అయితే మూత మీద కూడా నాలుగు నిప్పులు పోసేది, ఓవెన్ చేసే పనీ అదే కదా, కిందా పైనా వేడి. దిబ్బరొట్టె కాల్చడం వచ్చినవాళ్లకి ఈ పిజ్జా వచ్చేసినట్టే.

ముందే ఒకమాట చెప్పేస్తాను, ఇటలీలో నేపుల్స్ పిజ్జా అంటే పిండిని గంటలకొద్దీ పులియబెట్టి కట్టెల పొయ్యిలో 430 డిగ్రీల పైన వేడిలో నిమిషం నిమిషంన్నరలో కాల్చేస్తారు, ఆ పనితనాన్ని 2017లో యునెస్కో కూడా గుర్తించింది. ఆ పెద్ద పెద్ద బుడగలూ ఆ సాగుడూ మన దాంట్లో రావు. మనది మెత్తగా, కొంచెం నాన్ లాగ, అడుగు కరకరలాడుతూ ఉంటుంది, నాకైతే దాని పద్ధతిలో ఇది చాలా బావుంటుంది.

కొలతలు రాసుకోండి. ఎనిమిది అంగుళాలవి రెండు వస్తాయి. 2 కప్పుల మైదా (250 గ్రాములు దరిదాపు), ముప్పావు కప్పు గట్టి పుల్లపెరుగు, ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంటసోడా, ముప్పావు టీస్పూన్ ఉప్పు, 1 టీస్పూన్ పంచదార, 2 పెద్ద చెంచాల నూనె. అడుగు ఇంకా కరకరలాడాలంటే ఒక చెంచా ఉప్మారవ్వ కూడా వేసుకోవచ్చు. కొలత దగ్గర అందాజాలు వద్దండి, ముఖ్యంగా సోడా, పావు టీస్పూన్ అంటే గీసిన పావు టీస్పూనే, ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, రొట్టె పసుప్పచ్చగా మారుతుంది.

బేకింగ్ పౌడరూ వంటసోడా రెండూ ఎందుకు, సోడా ఒకటి చాలదా అంటారేమో. సోడా పెరుగుతో కలవగానే పని మొదలెడుతుంది. బేకింగ్ పౌడర్లో ఏముంటుందంటే అదే సోడా, దానికి తోడు పొడిగా ఉండే ఒక ఆమ్లం, రెండూ డబ్బాలోనే కలిసిపోకుండా కాస్త పిండి. మన దగ్గర దొరికేవి చాలామటుకు తడి తగిలినప్పుడు కొంచెం, వేడి తగిలినప్పుడు మిగతాది పొంగుతాయి. అంటే పెనం మీద వేశాక రెండోసారి పొంగు వస్తుంది, అదే మనకి కావాల్సింది. మీ డబ్బా పాతదైతే అర చెంచా తీసి వేడినీళ్లల్లో వేసి చూడండి, బుసబుసా పొంగితే మంచిదే, ఊరికే తేలి కరిగిపోతే పారేసి కొత్తది తెచ్చుకోండి. వంటసోడాకైతే నిమ్మరసం చుక్క వేసి చూడాలి.

ఇక పెరుగు సంగతి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తియ్యపెరుగు పనికిరాదండి. పాలు తోడుకునేటప్పుడు అందులో ఉన్న తీపి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ పులుపు తగలకపోతే సోడాకి పనే లేదు, అలాగే మిగిలిపోయి నోటికి ఉప్పుఉప్పుగా సబ్బులా తగులుతుంది. నిన్న మధ్యాహ్నం తోడుపెట్టి ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే వదిలేసిన గేదెపెరుగైతే బ్రహ్మాండం, మీగడతో సహా వేసెయ్యండి, ఆ కొవ్వుకి రొట్టె మెత్తగా ఉంటుంది. ప్యాకెట్ పెరుగైతే అంత పులుపుండదు, ఒక టీస్పూన్ నిమ్మరసం కలుపుకోండి. నీళ్లు తేలిన పెరుగైతే పల్చటి గుడ్డలో వేసి పావుగంట వేలాడదీసి ఆ నీళ్లు పక్కన పెట్టుకోండి, పిండి గట్టిగా అనిపిస్తే ఆ నీళ్లే చిలకరించుకోవచ్చు.

మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, పంచదార అన్నీ కలిపి రెండుసార్లు జల్లించండి. బద్ధకించకుండా జల్లించాలి, సోడా ఒకచోట ఉండలా ఉండిపోతే ఆ ముక్క చేదొస్తుంది. మధ్యలో గుంట చేసి పెరుగూ నూనే వేసి వేళ్లతో దగ్గరకి లాగండి. పెరుగు మొత్తం ఒకేసారి పొయ్యొద్దు, ఒక రెండు చెంచాలు ఆపండి. మన వైపు చుట్టూ కాలవలు, చేలు, చేపల చెరువులు, గాలిలోనే తడి, వానాకాలం వస్తే మూత తీసిన మైదా డబ్బా కూడా చెమ్మ లాగేస్తుంది, మే నెలలో సరిపోయిన ముప్పావు కప్పు ఆగస్టులో ఎక్కువైపోయి పిండి చేతికి అంటుకుపోయిన రోజులు నాకు ఉన్నాయి. పిండి చపాతీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్ల తోపు కన్నా కాస్త గట్టిగా ఉండాలి. దగ్గరకి వచ్చాక ఒక నిమిషం, పోనీ రెండు నిమిషాలు మెల్లిగా ఒత్తి వదిలెయ్యండి. నున్నగా రాలేదని పిసుకుతూ కూర్చోవద్దు, గరుగ్గా ఉన్నా పర్లేదు.

తడిగుడ్డ కప్పి 15 నుంచి 20 నిమిషాలు పక్కన పెట్టండి. ఇది పొంగడానికి కాదండి, మైదా తడి పీల్చుకుని జిగురు కాస్త వదులవ్వడానికి, లేకపోతే వత్తినప్పుడల్లా వెనక్కి ముడుచుకుపోతుంది. ఈలోపు సాసు చేసేసుకోవచ్చు. అరగంట దాటనివ్వకండి.

వత్తడానికి చపాతీ కర్ర కన్నా చెయ్యే మంచిది, కర్రతో నొక్కితే పుట్టిన గాలి కూడా పోతుంది. నేను అరిటాకు ముక్కకి నూనె రాసి, ముద్ద పెట్టి, బొబ్బట్టు వత్తినట్టు నడిమి నుంచి అంచులకి వేళ్లతో వత్తుతాను. అరిటాకుకి మన వైపు కరువేముంది. మందం ఒక అర సెంటీమీటరు చాలు, అంచు మటుకు కొంచెం లావుగా వదలండి, సాసు కారిపోకుండా కట్టలా ఉంటుంది. ఫోర్కుతో నడిమంతా చిన్న చిన్న గాట్లు పెడితే మధ్యలో బూరెలా ఉబ్బకుండా ఉంటుంది. తర్వాత ఆకుతో సహా పెనం మీద బోర్లించి ఆకు మెల్లిగా లాగెయ్యడమే.

పెనం మందంగా ఉండాలి, ఇనప్పెనం అయితే మరీ మంచిది. ముందు బాగా కాగనిచ్చి, కొంచెం నూనె రాసి, మంట మీడియం కన్నా తగ్గించి అప్పుడు రొట్టె వేసి మూతపెట్టండి. రెండు మూడు నిమిషాలకి అడుగున గోధుమరంగు మచ్చలు వస్తాయి, పైన ఉబ్బి తడి ఆరినట్టు కనిపిస్తుంది. అట్లకాడతో తిరగెయ్యండి. ఇప్పుడు కాలిన వైపు పైకొచ్చింది కదా, సాసూ చీజూ పైన సరుకూ ఈ కాలిన వైపే వెయ్యాలి. చాలామంది పచ్చిపిండి మీదే సాసు రాసేసి మూతపెడతారు, పెనం మీద పైనుంచి వేడి రాదు కాబట్టి సాసు కింద పిండి పచ్చిగానే జిగటగా ఉండిపోతుంది. తిరగేసిన పద్ధతిలో ఆ బాధ ఉండదు. అన్నీ వేశాక మూతపెట్టి సిమ్‌లో 6 నుంచి 8 నిమిషాలు. మూతకి పల్చటి గుడ్డ కట్టండి, లేదా మధ్యలో ఒకసారి తీసి తుడవండి, ఆవిరి నీళ్లు చీజ్ మీద పడితే అంతా చప్పగా తడితడిగా అయిపోతుంది. అడుగు మాడుతున్న వాసన వస్తే ఆ పెనం కింద ఇంకో పాత పెనం పెట్టెయ్యండి, సెగ సమంగా పరుచుకుంటుంది.

ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లు 230 డిగ్రీల్లో పావుగంట ముందే వేడిచేసుకుని, ట్రే కూడా లోపలే కాగనిచ్చి, 10 నుంచి 12 నిమిషాలు పెడితే చాలు, వాళ్లకి తిరగేసే పనిలేదు.

సాసుకి నాలుగు పండిన టమాటాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు, కొంచెం పంచదార. టమాటాలు ఉడికించి రుబ్బి, కొంచెం నూనెలో వేసి ఆ నూనె తేలేదాకా దగ్గరపడనివ్వాలి, పల్చగా ఉంటే రొట్టె నానిపోతుంది. ఒరెగానో లేకపోతే వాము చిటికెడు నలిపి వెయ్యండి, రెండింటి ఘాటూ ఒకే తీరు, కానీ చిటికెడు దాటితే జంతికల వాసనొస్తుంది. సబ్జా గింజలిచ్చే రుద్రజడ మొక్క పెరట్లో ఉంటే ఇంకా మంచిది, పిజ్జా మీద వేసే బేసిల్ ఆ జాతిదే, నాలుగు ఆకులు దించేముందు తుంచి వేసుకోండి.

పైన ఏం వేసినా ముందే వేయించి తడి ఆరబెట్టాలి, ఉల్లిపాయలూ క్యాప్సికమ్ పచ్చివి వేస్తే నీళ్లు వదులుతాయి. మా ఇంట్లో రొయ్యల పిజ్జాకే ఓటు. చిన్న రొయ్యలు శుభ్రంచేసి ఉప్పు, పసుపు, కారం పట్టించి నీరు ఇగిరేదాకా వేయించి, చల్లారాక చీజ్ మీద సర్దుతాను. చీజ్ అయితే మొజరెల్లానే తెచ్చుకోండి, క్యూబులూ స్లైసులూ కరుగుతాయి గానీ తీగలా సాగవు.

గోధుమపిండితో చెయ్యొచ్చా అని మా తోడికోడలు అడుగుతుంది. సగం సగం అయితే బావుంటుంది, తౌడు తడి ఎక్కువ పీలుస్తుంది కాబట్టి రెండు చెంచాల పెరుగు ఎక్కువ పట్టాలి. మొత్తం గోధుమపిండైతే అది మందపాటి చపాతీయే, నేను చెయ్యను. ఇంట్లో బేకింగ్ పౌడర్ లేదు ఈనో ఉంది అన్నా నడుస్తుంది, ఒక టీస్పూన్ వెయ్యొచ్చు, కాకపోతే దాంట్లో సోడా, సిట్రిక్ ఆమ్లం రెండూ ఉంటాయి, తడి తగలగానే మొత్తం పొంగేస్తుంది. అందుకని వంటసోడా కూడా మానేసి, ముందు పిండి ఈనో లేకుండా కలిపి నాననిచ్చి, వత్తబోయే ముందు ఈనో చల్లి, చెంచా నీళ్లు చిలకరించి, మెల్లిగా కలిపి వెంటనే పెనం ఎక్కించాలి.

మిగిలిన పచ్చిపిండి రేపటికి దాచొద్దండి, ఫ్రిజ్‌లో పెట్టినా పొద్దున్నకి గాలి పోయి బరువెక్కిపోతుంది. దానికి బదులు రెండో ముద్ద కూడా అప్పుడే వత్తి, రెండువైపులా రెండేసి నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారాక గాలి తగలని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజులు బావుంటుంది. తినబోయే ముందు పెనం మీద వేసి, నీళ్లు చిలకరించి ఒక నిమిషం మూతపెడితే మళ్లీ మెత్తబడుతుంది, అప్పుడు సాసూ చీజూ వేసుకుని సిమ్‌లో ఇంకో ఆరు నిమిషాలు.