న్యూయార్క్ స్పెషలైజ్డ్ హైస్కూళ్లు: దరఖాస్తు ఎప్పుడు, ఎలా చేయాలి?

ఫ్లషింగ్ గణేశుడి గుడి కాంటీన్‌లో దోసె తింటూ కూర్చుంటే అక్టోబరులో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మీవాడి చేత స్టైవసంట్ రాయిస్తున్నారా?"

నిజానికి స్టైవసంట్‌కంటూ విడిగా పరీక్ష లేదు. న్యూయార్క్ నగర విద్యాశాఖ నడిపే ఎనిమిది స్పెషలైజ్డ్ హైస్కూళ్లకు కలిపి ఒకటే పరీక్ష ఉంటుంది. దాన్ని ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ అంటారు. మాన్‌హాటన్‌లో స్టైవసంట్, సిటీ కాలేజీ ఆవరణలోని మ్యాథ్-సైన్స్-ఇంజనీరింగ్ హైస్కూల్, బ్రాంక్స్‌లో బ్రాంక్స్ సైన్స్, లీమన్ కాలేజీ దగ్గరి అమెరికన్ స్టడీస్ హైస్కూల్, బ్రూక్లిన్‌లో బ్రూక్లిన్ టెక్, బ్రూక్లిన్ లాటిన్, క్వీన్స్‌లో యార్క్ కాలేజీలోని సైన్సెస్ హైస్కూల్, చివరగా స్టాటెన్ ఐలండ్ టెక్. తొమ్మిదో స్పెషలైజ్డ్ స్కూల్ లాగ్వార్డియా. అది సంగీతం, నాట్యం, చిత్రకళల బడి కాబట్టి దానికి ఈ పరీక్ష అక్కర్లేదు, ఆడిషన్ ఉంటుంది.

ఇవన్నీ ప్రభుత్వ బడులే, ఫీజు లేదు. పిల్లల్ని మంచి కాలేజీలకు సిద్ధం చేయడమే వీటి పని. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు బోలెడు. కాలేజీ ఆవరణల్లో ఉన్న చిన్న స్కూళ్ల పిల్లలు అక్కడి కాలేజీ క్లాసుల్లో కూడా కూర్చోవచ్చు. బ్రాంక్స్ సైన్స్‌లో 1950లో ఒకే బ్యాచ్‌లో చదువు ముగించిన షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్ ఇద్దరికీ తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. ఆ పేరు చూసే ఇంత పోటీ. ఏటా ఇరవై ఐదు వేల మందికి పైగా రాస్తే సీటు దక్కేది సుమారు నాలుగు వేల మందికి.

ఎవరు రాయొచ్చు?

న్యూయార్క్ నగరంలోని అయిదు బరోల్లో (నగర విభాగాల్లో) ఎక్కడైనా నివాసం ఉంటూ ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లలు రాయొచ్చు. తొమ్మిదో తరగతి మొదటిసారి చదువుతున్న వాళ్లు కూడా రాయొచ్చు గానీ, పదో తరగతిలో చేరడానికి ఖాళీలు చాలా తక్కువ. ప్రైవేటు స్కూల్లో చదివినా పరవాలేదు. వీసా ఏమిటన్నది ఎవరూ అడగరు. హెచ్4 మీద ఉన్న పిల్లలకూ, నిన్న మొన్న హైదరాబాద్ నుంచి దిగిన పిల్లలకూ ఒకటే నియమం. నగరంలో ఉంటున్నట్టు రుజువు ఉంటే చాలు.

ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉండే మనవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. నాన్న ఆఫీసు మాన్‌హాటన్‌లో ఉంటే సరిపోదు. హడ్సన్ నదికి అవతల ఇల్లుంటే ఈ పరీక్షకు అర్హత లేనట్టే. లాంగ్ ఐలండ్‌లో హిక్స్‌విల్ వైపు ఉన్నవారికీ అంతే. న్యూజెర్సీ వాళ్లకు జెర్సీ సిటీలోని మెక్‌నేర్ అకడమిక్, బెర్గెన్ కౌంటీ అకాడమీస్ లాంటివి ఉన్నాయి. వాటి దారి వేరు, తేదీలు వేరు.

నమోదు

అంతా మైస్కూల్స్ అనే నగర వెబ్‌సైట్‌లో జరుగుతుంది. ఈమెయిల్‌తో తల్లిదండ్రులు ఖాతా తెరిచి, అందులో పిల్లవాడి పేరు చేర్చాలి. దానికి రెండు కావాలి: రిపోర్టు కార్డు మీద ఉండే తొమ్మిది అంకెల విద్యార్థి నంబరు, ఖాతా సృష్టించుకునే కోడ్. ఆ కోడ్ స్కూల్ ఇస్తుంది. రాకపోతే గైడెన్స్ కౌన్సెలర్‌ను అడగాలి. మన దగ్గర ఆ పోస్టు లేదు కాబట్టి చాలామంది ఆయనను పట్టించుకోరు. ఇక్కడ హైస్కూల్ ప్రవేశాల వ్యవహారమంతా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది, ముందే పరిచయం చేసుకోండి. ప్రైవేటు స్కూల్ పిల్లలు, నగరానికి కొత్తగా వచ్చినవాళ్లు ఇంటి చిరునామా రుజువులు పట్టుకుని ఫ్యామిలీ వెల్‌కమ్ సెంటర్‌కు వెళితే అక్కడ దారి చూపిస్తారు.

పరీక్షకు నమోదు అక్టోబరు మొదట్లో తెరుచుకుని ఆ నెలాఖరు ప్రాంతంలో మూతపడుతుంది. కచ్చితమైన తేదీ ఏటా మారుతుంది. దసరా సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి గడువు దాటిపోతే బతిమాలినా లాభం లేదు. పరీక్ష ఫీజు లేదు. నమోదు అయ్యాక పరీక్ష టికెట్ కూడా మైస్కూల్స్‌లోనే వస్తుంది. నగర ప్రభుత్వ స్కూళ్ల పిల్లలు సాధారణంగా నవంబరులో ఒక బడిరోజున తమ స్కూల్లోనే రాస్తారు. మిగతావాళ్లకు వారాంతంలో వేరే కేంద్రం ఇస్తారు. ఐఈపీ లేదా 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూల్లో ఇవ్వాల్సిన సదుపాయాల పత్రం) ఉన్న పిల్లలకు అందులో రాసిన సదుపాయాలు వర్తిస్తాయి. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థిగా స్కూల్లో నమోదై ఉంటే అదనపు సమయం ఇస్తారు. కొత్తగా వచ్చిన మన పిల్లల విషయంలో ఇది అడిగి తెలుసుకోవాల్సిన మాట.

నగర విద్యాశాఖ సమాచారం ఇంగ్లిష్‌తో పాటు బెంగాలీ, ఉర్దూ సహా పలు భాషల్లో ముద్రిస్తుంది. వాటిలో తెలుగు లేదు. కానీ ఫోన్‌లో దుభాషి కావాలని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి.

పరీక్ష

సమయం మూడు గంటలు. ఇంగ్లిష్‌లో 57, లెక్కల్లో 57 ప్రశ్నలు. ఒక్కో విభాగంలో పది ప్రశ్నలు మార్కులు లెక్కించని ప్రయోగ ప్రశ్నలు, అవి ఏవో పిల్లలకు తెలియదు. లెక్కల్లో కొన్నింటికి ఆప్షన్లు ఉండవు, జవాబు తామే నింపాలి. క్యాలిక్యులేటర్ అనుమతించరు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. 2025 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. విద్యాశాఖే ఉచితంగా ఇచ్చే హ్యాండ్‌బుక్‌లోని నమూనా పరీక్షలు, ఆన్‌లైన్ సాధన ముగించకుండా వేల డాలర్ల కోచింగ్ వైపు పరుగెత్తడం నాకు నచ్చదు.

ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ చూసి వచ్చినవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది: ఇక్కడ క్లాసు మార్కులు, టీచర్ల సిఫారసు, ఇంటర్వ్యూ ఏవీ చూడరు. ప్రవేశం పరీక్ష మీదే జరగాలని 1971లో రాష్ట్రం చట్టమే చేసింది. దాని మీద వాదాలు ఇప్పటికీ ఆగలేదు.

ఆప్షన్లు

మార్కుల తర్వాత అంతటి ముఖ్యమైనది ఇదే, నలుగురూ తడబడేదీ ఇక్కడే. ఎనిమిది స్కూళ్లలో ఏవి కావాలో, ఏ వరుసలో కావాలో మైస్కూల్స్‌లో పెట్టాలి. ఎంసెట్ వెబ్ ఆప్షన్ల లాంటిదే అనుకోండి. తేడా ఏమిటంటే అక్కడ ర్యాంకు చేతికొచ్చాక ఆప్షన్లు పెడతాం, ఇక్కడ స్కోరు తెలియకుండానే డిసెంబరు మొదటి వారం ప్రాంతంలో పెట్టేయాలి. రెండో విడత కౌన్సెలింగ్, స్లైడింగ్ ఏవీ ఉండవు.

పద్ధతి ఇదీ. అందరినీ స్కోరు ప్రకారం వరుసలో నిలబెడతారు. మొదటి విద్యార్థితో మొదలుపెట్టి, ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు వాళ్ల జాబితాలో సీటు మిగిలి ఉన్న మొదటి స్కూల్ ఇస్తారు. ఫలానా స్కూల్‌ను మొదట పెట్టినందుకు అదనపు లాభమూ లేదు, రెండో స్థానంలో పెట్టినందుకు నష్టమూ లేదు. అందుకే "స్టైవసంట్ మొదట పెడితే బ్రూక్లిన్ టెక్ పోతుందేమో" అన్న భయం వట్టిదే. నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలోనే పెట్టండి. స్టైవసంట్ కటాఫ్ ఇటీవల 550, 560 దరిదాపుల్లో ఉంటోంది. ఒక్క స్టైవసంట్ మాత్రమే పెట్టి కొద్దిలో తప్పిపోయిన పిల్లవాడికి, అంతకంటే తక్కువ స్కోరుతో నిండే స్కూళ్లు కూడా రావు, అవి జాబితాలో లేవు గనక. అలాగే పంపడం ఇష్టంలేని స్కూల్ పెట్టకండి.

వరుస వేసే ముందు ఒక పొద్దున ఏడు గంటలకు పిల్లవాడితో కలిసి రైలెక్కి చూడండి. ఫ్లోరల్ పార్క్ నుంచి బస్సు, సబ్‌వే పట్టుకుని చేంబర్స్ స్ట్రీట్‌లోని స్టైవసంట్ చేరడానికి గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. జమైకాలోని యార్క్ స్కూల్ ఇంటికి దగ్గర, పిల్లలు వందల్లోనే ఉంటారు. బ్రూక్లిన్ టెక్‌లో దాదాపు ఆరు వేల మంది. బ్రూక్లిన్ లాటిన్‌లో నాలుగేళ్లూ లాటిన్ తప్పనిసరి.

మామూలు హైస్కూళ్ల దరఖాస్తు కూడా అదే ఖాతాలో విడిగా నింపాలి. స్పెషలైజ్డ్ వస్తుందిలే అని దాన్ని వదిలేసినవాళ్లు మార్చిలో ఇబ్బంది పడతారు. ఫలితాలు మార్చి మొదట్లో వస్తాయి. ఆఫర్‌ను గడువులోగా ఆన్‌లైన్‌లోనే అంగీకరించాలి. కటాఫ్‌కు కాస్త కిందగా ఆగిపోయిన పేద కుటుంబాల పిల్లలకు డిస్కవరీ ప్రోగ్రాం ఉంది: వేసవి తరగతులు పూర్తి చేస్తే సీటు ఇస్తారు. దానికి ఆదాయంతో పాటు ప్రస్తుతం చదివే స్కూల్ ఏది అన్నది కూడా చూస్తారు, కనుక మీ బడికి వర్తిస్తుందో లేదో కౌన్సెలర్‌ను డిసెంబరులోపే అడిగి ఉంచండి.