యూజర్ పర్సోనా ఎలా రాయాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి?

యూజర్ పర్సోనా అంటే యాప్ వాడేవాళ్లకి ప్రతినిధిగా, పేరు పెట్టి కాగితం మీద రాసుకునే ఊహా మనిషి. ఒడిశాలోని పర్లాకిమిడి కిరాణా కొట్ల కోసం అరువు ఖాతా యాప్ మొదలుపెట్టినప్పుడు మేం ఆఫీసులోనే కూర్చుని "రమణ, 38 ఏళ్లు, తెలుగువాడు, స్మార్ట్‌ఫోన్ ఉంది" అని రాసేసుకుని స్క్రీన్లన్నీ తెలుగులో చేసేశాం. మొదటి కొట్టాయన మాతో గలగలా తెలుగులోనే మాట్లాడారు, ఫోన్ చేతికివ్వగానే మాత్రం "ఒడియాలో లేదా బాబూ?" అన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇక్కడే పుట్టిన నాకు కూడా అది తట్టలేదు.

అందుకే ముందు కొట్లకి వెళ్లండి. ఐదారు చోట్ల ఒక్కో పూట కూర్చోండి. "మీకేం కావాలి" అని అడిగితే మర్యాదకి ఏదో చెబుతారు, దానికి బదులు నిన్నటి అరువు ఎలా రాశారో చూపించమనండి.

తర్వాత చూసినవాళ్లని వయసుని బట్టి కాకుండా పని తీరుని బట్టి విడదీయండి. మాకు రెండు రకాలు తేలాయి: సరుకు ఇస్తూనే రాసేవాళ్లు, రాత్రి కొట్టు కట్టేశాక గుర్తు తెచ్చుకుని రాసేవాళ్లు. ఒక్కో రకానికి ఒక్క పేజీ చాలు. ఏ పని అవ్వాలి, ఎక్కడ ఆగిపోతున్నారు, ఏ భాష మాట్లాడతారు, ఏ లిపి చదువుతారు (ఈ రెండూ వేర్వేరు వరుసల్లో రాయండి). అభిమాన హీరో ఎవరో అక్కర్లేదు. 1983లో సాఫ్ట్‌వేర్ డిజైనర్ అలన్ కూపర్ క్యాథీ అనే పర్సోనాని అల్లింది కూడా నిజం మనుషులతో మాట్లాడాకే.

మీటింగులో ఎవరైనా "గ్రాఫ్ కూడా పెడదాం" అంటే, "రాత్రి తొమ్మిదిన్నరకి లెక్క చూసుకునే లక్ష్మిగారికి అది దేనికి?" అని అడగండి (లక్ష్మిగారంటే రాత్రి రాసే రకం పర్సోనాకి మేం పెట్టుకున్న పేరు). వాదన అక్కడితో తెగుతుంది. పర్సోనా వల్ల నాకు దక్కిన అసలు లాభం ఇదే.

కానీ లక్ష్మిగారి లాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ కాగితం చెప్పదు, అందరికీ సరిపోయే ఒక్క మనిషిని రాద్దామన్నా కుదరదు. 1950లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు పరిశీలిస్తే, 10 కొలతల్లోనూ సగటుకి దగ్గరగా వచ్చినవాడు ఒక్కడూ లేడు. మా కాగితమైతే బోర్డర్ దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తేనే పనికిరాదు, అక్కడ తెలుగే చదువుతారు.

అందుకని స్క్రీన్ తయారవగానే కొట్లో చేతికిచ్చి చూడండి, తేడా కనిపిస్తే కాగితం దిద్దండి. లక్ష్మిగారి పేజీలో "పగలు ఫోన్ కొడుకుతో కాలేజీకి వెళ్లిపోతుంది" అన్న వరుస మేం మూడోసారి వెళ్లాకే చేరింది.