లింక్డ్‌ఇన్ పనికొస్తుందా? సర్వేని ఇలా చదవండి

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. తోతాపురి సీజన్ అయిపోగానే జూనియర్లు అడిగేది ఒకటే: "అన్నా, లింక్డ్‌ఇన్‌లో టైం పెడితే నిజంగా ఉద్యోగం వస్తుందా?"

పనికొస్తుందని ఎవరైనా ఓ సర్వే చూపిస్తే, ముందు అది ఎవరిని అడిగిందో చూడండి. రోజూ వాడేవాళ్లనే "ఉపయోగపడుతోందా" అని అడిగితే ఔననే అంటారు. విసిగి మానేసినవాళ్లు లెక్కలోకే రారు. అందుకే అభిప్రాయాల కన్నా, జరిగినదాన్ని కొలిచిన పరిశోధనకే నేను విలువిస్తాను.

2022లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో అలాంటిదే వచ్చింది. లింక్డ్‌ఇన్ పరిచయాల సూచనలను ఒక్కొక్కరికి ఒక్కోలా మార్చి, 5 ఏళ్లలో 2 కోట్ల మందిని గమనించారు. ఉద్యోగం మారడానికి దగ్గరి స్నేహితుల కన్నా ఓ మోస్తరు పరిచయస్తులే ఎక్కువ తోడ్పడ్డారు. పరిశోధకుల్లో లింక్డ్‌ఇన్‌వాళ్లూ ఉన్నారు, అది గుర్తుపెట్టుకుని చదవండి. మనకు ముఖ్యమైన ముక్క ఇంకోటుంది: ఈ పరిచయస్తుల బలం డిజిటల్ రంగాల్లోనే ఎక్కువ, మిగతా చోట్ల దగ్గరివాళ్లే మేలు. కాబట్టి సాఫ్ట్‌వేర్ వైపు చూసే తమ్ముడు ఎస్వీ యూనివర్సిటీలో ముఖపరిచయమున్న సీనియర్లకు రిక్వెస్ట్ పెట్టాలి. ఫ్యాక్టరీల్లోనే ఉండేవాళ్లు పాత సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయడం మానొద్దు.

తర్వాత మీరే చిన్న సర్వే చేయండి. "ఈ ఉద్యోగం సంగతి మొదట ఎవరు చెప్పారు? అప్పట్లో వాళ్లను ఎంత తరచుగా కలిసేవారు?" పరిచయాల ద్వారా ఉద్యోగాలు ఎలా దొరుకుతాయో 1973లో రాసిన అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ అడిగిన ప్రశ్నలు కూడా దాదాపు ఇవే. బెంగళూరు, చెన్నై వెళ్లినవాళ్లతో పాటు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లనీ తప్పకుండా అడగండి.