నిమజ్జనానికి ముందు చెవుల రక్షణ ప్రచారం: క్లబ్ సభ్యులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వినాయక చవితికి రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి. డీజే బండి కదిలాక మన మాట ఎవరి చెవికీ ఎక్కదు.

• ముందు మండపం నిర్వాహకులను, డప్పు కళాకారులను కలవండి. పండగకు అడ్డొచ్చామనిపిస్తే మాట అక్కడే ఆగిపోతుంది. పిల్లలను స్పీకర్లకు దూరంగా ఉంచమని అడగండి, దానికి ఎవరూ కాదనరు.

• కరపత్రంలో అంకెలు సరిచూసుకోండి. 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) శబ్దంలో రోజుకు ఉండగల పరిమితి 8 గంటలు. ఆపై పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే!

• ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు ఊరికే పంచేసి రావొద్దు. చాలామంది పైపైన గుచ్చుకుంటారు, అలా పెడితే పెద్దగా ఫలితం ఉండదు. చేతులు కడుక్కుని, ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టాలి. అది ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. ఇదంతా చేసి చూపించండి. ఒకరు వాడింది ఇంకొకరికి ఇవ్వకూడదు. చెవిలో చీము కారేవాళ్లకు అసలే వద్దు. చిన్నపిల్లలకు చెవులను బయటి నుంచి కప్పే ఇయర్‌మఫ్‌లే మేలు. దూది చాలదు.

• ఫోన్ యాప్ చూపే శబ్దం కొలత ఉజ్జాయింపే.

• చెవిలో నూనె పోయమనే సలహాలు మన నోట రాకూడదు. హఠాత్తుగా ఒక చెవి వినపడడం మానేస్తే అదే రోజు ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి పంపండి. ఈఎన్‌టీ ఆసుపత్రి నంబరు ప్రతి వాలంటీరు దగ్గరా ముందే ఉండాలి.