పడకగదిలోనే ఆధారం: చెన్నైలో రాత్రి సీను తీసే పద్ధతి

మోహం, హత్య కలిసిన కథలో పడకగది సీనే సాక్ష్యం. ప్రేక్షకుడి చూపు ఆ ఇద్దరి మీద ఉండగానే ఆధారం ఫ్రేములోకి రావాలి. అందుకే ముందు వస్తువేదో తేల్చుకోండి: తాళంచెవి, సగం తాగిన గ్లాసు, ఏదైనా. లైటింగ్ ఆ తర్వాత.

మైలాపూరు, ట్రిప్లికేన్ పాత ఇళ్ల ఎత్తయిన కప్పులు, చెక్క కిటికీలు ఇలాంటి సీనుకు వరం. కిటికీ బయట ఒక్కటే టంగ్‌స్టన్ లైటు పెట్టి ఫుల్ సీటీవో జెల్ (వెలుగును నారింజ రంగుకు మార్చే పారదర్శక పొర) వేస్తే పాత సోడియం వీధిదీపం రంగుకు దగ్గరగా వస్తుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర ఉంచండి. మంచం పక్కన 40 వాట్ల ఫిలమెంట్ బల్బు, డిమ్మర్ మీద. అక్కడ చవక ఎల్ఈడీ పెడితే డిమ్ చేసినప్పుడు మినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు లైట్ల మినుకు రాకుండా షట్టర్ 172.8 డిగ్రీలు.

ముఖం నీడవైపు, వెలుగువైపు కంటే మూడు స్టాపులు తక్కువ (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగం). వస్తువు మాత్రం ఒక్క స్టాపే తక్కువ: కనిపించాలి, పిలవకూడదు. నీడవైపు వెలుగును తిప్పికొట్టే తర్మాకోల్ పెట్టాలని లైట్‌మన్ అలవాటుగా వస్తాడు, వద్దనండి. అక్కడ నల్లగుడ్డ కట్టాలి. చీకటి కావాలని ఎక్స్‌పోజర్ మరీ తగ్గిస్తే నీడలన్నీ నాయిస్‌తో, అంటే చుక్కచుక్కల మరకలతో, నిండిపోతాయి. శుభ్రంగా తీసి డీఐలో (తర్వాత కంప్యూటర్ మీద రంగులు సరిచేసేటప్పుడు) దించడం మేలు.

పొగకు సాంబ్రాణి వద్దు, నటులకు గొంతు పట్టేస్తుంది. పలుచటి పొగమంచు వదిలే హేజర్ యంత్రం వాడండి. ఏసీ, ఫ్యాను ఆపి, పొగ సమంగా పరుచుకున్నాకే టేక్. ఉబ్బసం ఉందేమో ముందే అడగాలి. ఏసీ గదిలోంచి లెన్సును వరండాలోకి తెస్తే ఈ ఊరి ఉక్కకు వెంటనే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. మూసిన బ్యాగులోనే అరగంట ఉంచి తీయండి. చెమటకు గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి స్ప్రే చేస్తే లైట్ల వేడికీ ఆరదు.

అన్నిటికంటే ముఖ్యం నటుల అంగీకారం. ఎక్కడ తాకుతారు, ఎక్కడ ఆగుతారు, ఎంత కనిపిస్తుంది అన్నవి కాగితం మీద రాసి, ఇంటిమసీ కోఆర్డినేటర్‌తో (ఇలాంటి సన్నిహిత సీన్లను నటులకు ఇబ్బంది లేకుండా చేయించే నిపుణులు) ఫైట్ సీను రిహార్సల్ చేసినంత కచ్చితంగా అడుగు అడుగూ చేయించండి. చర్మం రంగు పట్టీలు, మధ్యలో మెత్తటి అడ్డు ఉండాలి. గదిలో అత్యవసరమైనవాళ్లే, మానిటర్ ఒక్కటే, ఫోన్లు బయట. సెట్లో కొత్తగా ఏదీ అడగకూడదు. వాళ్లు వద్దంటే కట్. బెదురుతో ఉన్న శరీరం కెమెరాలో దొరికిపోతుంది, మోహం అక్కడే చచ్చిపోతుంది.

ప్రతి టేకుకు ముందు వస్తువు ఫొటో తీయించండి. గ్లాసులో మట్టం మారినా తర్వాతి దర్యాప్తు కథ కూలుతుంది.

‘ఎ’ సర్టిఫికెట్ సినిమాను అలాగే టీవీలో వేయలేరు. శాటిలైట్ హక్కులు అమ్మాలనుకుంటే చేతులు, కర్టెన్, అద్దం మీద పడిన వెలుగు లాంటి కవర్ షాట్లు అదే రాత్రి, అదే పొగలో తీసిపెట్టుకోండి. ఇంకోరోజు లైటు మ్యాచ్ చేయడం చాలా కష్టం.